రెండో నీళ్ళ గుంట

క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ఫ్రిజ్ మెకానిక్ నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్ పలకరించబోయి ఆగాడు. మెకానిక్ కళ్ళు తెరిచే ఉన్నాయి, చూడటం మాత్రం లేదు. భుజానికున్న పనిముట్ల సంచి పట్టీ లిఫ్టు కమ్మీకి తట్టుకోబట్టి ఆ మనిషి కింద పడలేదు, అంతే.

గుండెపోటు అని తేల్చారు. ఇన్‌స్టిట్యూట్ డాక్టర్లే చూసి తేల్చిన మాటను కాదనడానికి ఎవరికీ కారణం కనిపించలేదు. చెవి వెనక చీమ కుట్టినంత ఎర్ర చుక్క ఒకటుందని కనిపెట్టినవాడు గూఢచారి డిపార్ట్‌మెంటు డాక్టరు. ఆయన ఆ సంగతి పైకి పొక్కనివ్వకుండా బావగారి చెవిన మాత్రం వేశాడు.

బావగారు ఎవరికీ బావ కాదు. డిపార్ట్‌మెంటులో అసలు పేర్లు వాడకూడదు కనక చీఫ్‌కి ఎవరో ఆ కోడ్‌నేమ్ తగిలించారు. ఎప్పుడు చూసినా అలిగి కూర్చున్నట్టే ఉంటాడు కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఆయన ఆఫీసు ఒక కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో ఉంది. ముందు గదిలో నిజంగానే కళ్ళజోళ్ళు అమ్ముతారు.

"కూర్చో ముప్పాతికా."

ముప్పాతిక కూర్చున్నాడు. ఆ పేరు అతనికి ఆపరేషన్ తర్వాత వచ్చింది. జీవితంలో సిగరెట్టు ముట్టని మనిషికి కుడి ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. తొలిదశలోనే దొరికింది, అదృష్టవంతులు అంటూ డాక్టర్లు ఊపిరితిత్తి పై భాగం కోసేసి, మిగిలిన దాంతో బతికెయ్యమని పంపేశారు. కుట్లు ఆరీ ఆరకముందే అతను డ్యూటీకి వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతుంటే తోటి ఏజెంటొకడు, "మనిషి ముప్పాతిక వచ్చాడు, మిగతా పావు ఏదీ?" అన్నాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఇంటికెళ్ళాక మాత్రం బాత్‌రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున చాలాసేపు నిలబడిపోయాడు.

"చచ్చినవాడు మన మనిషి," అన్నాడు బావగారు. "పొద్దున ఫోన్ చేశాడు. విను."

టేబుల్ మీది రికార్డర్‌లో మెకానిక్ గొంతు వినిపించింది. రొప్పుతున్నట్టుగా ఉంది. "వాళ్ళు ఏమీ దొంగిలించరు సార్. ఏమీ పగలగొట్టరు. అందుకే ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం వచ్చి అంతా చెప్తాను."

మధ్యాహ్నానికి అతను లిఫ్టులో ఉన్నాడు.

"వాళ్ళు అంటే?"

"వలసపక్షులు."

ముప్పాతికకి ఆ పేరు కొత్త కాదు. ఫైల్లో ఆ పేరున్న విదేశీ ముఠాతో ఇంతకుముందు ఒకసారి తలపడ్డాడు. అప్పుడు అతనికి రెండు ఊపిరితిత్తులూ నిండుగా ఉన్నాయి. అయినా చావు తప్పి బయటపడ్డాడు.

బావగారు బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్. కోసి తీసేస్తారు. చాలామందికి అక్కడితో పీడ విరగడ. కొంతమందికి మాత్రం మళ్ళీ వస్తుంది. ఎవరికి వస్తుందో చెప్పలేరు. మైక్రోస్కోప్ కింద రెండు గడ్డలూ ఒకేలా కనిపిస్తాయి. అందరికీ గట్టి మందులిస్తే అక్కర్లేనివాడు అన్యాయంగా నలిగిపోతాడు. ఇవ్వకపోతే అక్కరున్నవాడు పోతాడు. ఆ ఇన్‌స్టిట్యూట్ ల్యాబు ఏం చేసిందంటే..."

"మాలిక్యులర్ మార్కర్లు," అన్నాడు ముప్పాతిక.

"నీకెలా తెలుసు?"

"అక్కడా ఇక్కడా చదివాను." నిజానికి దొరికినదల్లా చదివాడు. గడ్డలో ఏ జన్యువులు మారాయి, ఏవి నోరు మూసుకున్నాయి, ఏవి అతిగా వాగుతున్నాయి అన్నదాన్ని కొలిచి ఒక స్కోరు కడతారు. స్కోరు ఎక్కువొస్తే రోగం మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ, ముందే మందు మొదలుపెట్టాలి. తక్కువొస్తే ఇంటికి పంపి, అప్పుడప్పుడూ స్కాన్ చేస్తూ కనిపెట్టి ఉంటారు.

"పాత రోగుల మీద స్కోరు సరిపోయింది. ఇప్పుడు కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళ వంతు. వాళ్ళ నమూనాలన్నీ ఒకే ప్లేటులో రేపు మెషిన్ ఎక్కుతున్నాయి. వలసపక్షుల యజమానుల దగ్గర ఇలాంటిదే ఇంకో పరీక్ష ఉంది. అది ఉత్త డొల్ల. ఇది నిలబడితే దాన్ని ఎవరూ కొనరు. కాబట్టి రేపు వాళ్ళు ఏదో చేస్తారు. దొంగతనం కాదు, విధ్వంసం కాదు. మరేంటన్నది నువ్వు కనిపెట్టాలి."

ఆ ప్లేటులో ముప్పాతిక నమూనా కూడా ఉంది. ఆస్పత్రిలో ఉండగానే ఈ పరీక్షకి ఒప్పుకున్నాడు. ఆ మాట బావగారికి చెప్పలేదు, ఇంట్లో భార్యకీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఈ పని ఇంకొకడికి పోతుంది. తన తలరాత ఉన్న ప్లేటుకి కాపలా కాసే అవకాశాన్ని చేతులారా వదులుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

"నువ్వు మెషిన్ కంపెనీ సర్వీస్ ఇంజనీరువి. ఈ కళ్ళజోడులో కెమెరా, మైకు. చెవిలో నేను. కింద లాబీలో వీల్‌చైర్ పేషెంటుగా కూడా నేనే. మూడో అంతస్తులో నెమలి ఉంది."

ఆ పేరు వినగానే ముప్పాతికకి గుండె దిటవైంది. నెమలి డబుల్ ఏజెంట్. వలసపక్షుల్లో కలిసిపోయి వాళ్ళ గుట్టు డిపార్ట్‌మెంటుకి చేరవేస్తుంది. పోయినసారి అతను ప్రాణాలతో బయటపడింది ఆవిడ చలవే. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ముదురాకుపచ్చ పట్టు దుస్తుల్లో, చేతినిండా తెల్లపూలతో వచ్చి పలకరించింది. ఆవిడ వెళ్ళాక ఆ వార్డులో నర్సులు పని మానేసి ఆవిడ గురించే మాట్లాడుకున్నారు.

"ల్యాబులో ఆవిడ నాణ్యత పర్యవేక్షకురాలు. అందరి ముందూ మీకు పరిచయం లేదు. ఆవిడ 'మెషినుకి జలుబు చేసినట్టుందే' అంటుంది. నువ్వు 'చల్లగాలి దానికి పడదండీ' అనాలి."

"మెషిన్ గది గోడలు మందంగా ఉంటాయేమో. సిగ్నల్ అందుతుందా?"

"ఎందుకందదు?" అన్నాడు బావగారు, అలిగినట్టు.

మర్నాడు పొద్దున, చేతిలో టూల్‌బాక్సుతో ముప్పాతిక మూడో అంతస్తు కారిడార్‌లో నడిచాడు. తెల్లగోడలు, తెల్లబల్లలు, స్పిరిట్ వాసన. ఒక గది అద్దం వెనక చిన్న చిన్న మైనం దిమ్మలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక్కో దిమ్మలో ఒక్కో మనిషి గడ్డ ముక్క. అందులో తనదేదో తెలియదు. దగ్గు వచ్చింది. ఆపరేషన్ తర్వాత దగ్గు వచ్చిన ప్రతిసారీ అతని పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ఇది మామూలు దగ్గేనా, అదేనా? గోడకి ఒక చెయ్యి ఆనించి, రెండోసారి వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. ముందుకి కదిలాడు.

మెషిన్ గదిలో అడుగుపెట్టగానే చెవిలో బావగారి గొంతు గరగరలాడి మాయమైపోయింది. కళ్ళజోడు కొస మీద మిణుకుమనే దీపమూ ఆరిపోయింది. ఇక అది ఉత్త కళ్ళజోడే.

గదిలో ఉన్నాయన ల్యాబు టెక్నీషియన్. చిన్నవాళ్ళకి పని నేర్పీ నేర్పీ ఆయనకి మాస్టారు అనే పేరు స్థిరపడిపోయింది. బట్టతల, జేబులో నాలుగు పెన్నులు, మనిషి దొరికితే చాలు మాటల ఊట.

"రండి ఇంజనీరుగారూ. మీరొస్తారని ఇప్పుడే చెప్పారు. ఇవాళ మా ఇంట్లో పెళ్ళి లాంటి రోజు. దీనికేమన్నా అయితే మా పెద్ద డాక్టరుగారు నన్ను నమిలి మింగేస్తారు."

"ఒకసారి మొత్తం చూపించండి మాస్టారూ. ఎక్కడేం జరుగుతుందో తెలిస్తే నాకూ సుఖం."

అడగడమే ఆలస్యం. మాస్టారు ఒక ఖాళీ ప్లేటు తీసి చూపించాడు. అరచెయ్యంత ప్లాస్టిక్ పలక, దాన్నిండా చిన్న చిన్న గుంటలు. "ఒక్కో గుంటలో ఒక్కో రోగి చుక్క. కంటికి ఆనాలని నీలం రంగు కలుపుతాం. ఇదుగో, ఈ మూల గుంటలో మాత్రం ఉత్త నీళ్ళు. మెషిన్ అక్కడ ఏమీ లేదని చెప్పాలి. ఇంకెక్కడో ఏమీ లేదని చెప్పిందనుకోండి, ప్లేటు అటుది ఇటు పెట్టామని అర్థం. అప్పుడు తప్పు తెలిసిపోతుంది."

"నీళ్ళ గుంట ఒక్కటేనా?"

"ఒక్కటే. దీనికి ఎదురుగా ఉన్న రెండో మూల కూడా నీళ్ళే పోస్తే తిప్పి పెట్టినా తేడా తెలిసిచావదు కదా."

"ఏ వైపు పెట్టాలో ఎలా గుర్తు? ఈ అంచున అక్షరాలున్నాయి, అవి చూసుకునా?"

మాస్టారు నవ్వాడు. "చంటిపిల్లల్లా అక్షరాలు ఎవరు చదువుతారండీ. ప్లేటుకి ఒక మూల కోసి ఉంటుంది, చూశారా. ఆ కోత నా ఎడమ బొటనవేలి కిందకి వచ్చిందంటే సరిగ్గా ఉన్నట్టే. కళ్ళు మూసుకుని పెడతాను. ఈ గదిలో ఎవరైనా అంతే. మా వేళ్ళకి అలవాటైపోయింది."

మెషిన్ ముందు భాగంలో ఒక సొరుగు బయటికి వచ్చి ఉంది. లోపల తగినంత వేడెక్కాక సొరుగు దానంతటదే ప్లేటుని తీసుకుని మూసుకుంటుందని, మధ్యలో ఏదన్నా అడ్డొస్తే ఈ బిల్డింగంతా వినపడేలా గోలపెడుతుందని మాస్టారు చెప్పాడు. పని పూర్తయ్యాక ప్లేటుని వెనకనున్న కొలిమిలోకి మెషినే తోసేస్తుంది. అది బూడిద అయిపోతుంది. మనిషి చెయ్యి పడకూడదని అలా కట్టారట.

అంటే ఒకసారి సొరుగు మూసుకున్న తర్వాత ఆ ప్లేటు ఇక ఎవరి కళ్ళా పడదు. ముప్పాతికకి ఆ మాట ఎందుకో మనసులో ముల్లులా గుచ్చుకుంది.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత నెమలి వచ్చింది. తెల్లకోటు కింద ముదురాకుపచ్చ పట్టు. రెండు చేతుల్లోనూ, పొత్తిళ్ళలో బిడ్డని పట్టుకున్నట్టు, మూత వేసిన ప్లేటు.

"మెషినుకి జలుబు చేసినట్టుందే," అంది ఆవిడ.

"చల్లగాలి దానికి పడదండీ," అన్నాడు ముప్పాతిక. ఆ మాటతో సగం భయం దిగిపోయింది. ఈ గదిలో తను ఒంటరి కాదు.

"నిన్న సాయంత్రం మేడమే స్వయంగా నింపారు," అన్నాడు మాస్టారు మురిసిపోతూ. "ఆ చేతి నిలకడ మాలో ఎవరికీ లేదు." ప్లేటు అందుకుని, ముప్పాతికతో మాట్లాడుతూనే, ఎడమ బొటనవేలితో కోత తడిమి, సొరుగులో పెట్టి మూత తీశాడు. కిందికి చూడనైనా చూడలేదు. బటన్ నొక్కాడు. తెర మీద పచ్చటి పట్టీ ఒకటి మెల్లగా నిండటం మొదలైంది.

"మాస్టారూ, మీ ఇంటి నుంచి ఫోనట. రిసెప్షన్‌లో లైన్లో ఉన్నారు. కంగారుగా ఉన్నట్టున్నారు," అంది నెమలి.

మాస్టారు మొహం పాలిపోయింది. "మా ఆవిడకి ఒంట్లో బాలేదు పొద్దున్నుంచీ," అంటూ పరుగెత్తాడు.

తలుపు మూసుకుంది. పట్టీ నిండుతోంది. ముప్పాతిక సొరుగు మీదికి వంగాడు. నీలం చుక్కలు, వరస తర్వాత వరస. వీటిల్లో ఒకటి నాది అనుకున్నాడు. ఇన్నాళ్ళూ తనని నిద్రపోనివ్వని ప్రశ్నకి జవాబు ఇంత చిన్న నీలం చుక్కలో ఉందన్నమాట. కుడి మూల చూశాడు. రంగు లేని గుంట. సరే, నీళ్ళు. దానికి ఎదురుగా ఉన్న ఎడమ మూల చూశాడు.

అక్కడా రంగు లేదు.

ప్లేటు అంచున ఉన్న అక్షరాలు చూశాడు. అవి అతనికి తలకిందులుగా కనిపించాయి. మూల కోసి ఉంది, కానీ ఉండాల్సిన మూల కాదు. దానికి ఎదుటి మూల. ఇది వేరే అచ్చులో పోసిన ప్లేటు.

దొంగతనం లేదు. విధ్వంసం లేదు. మాస్టారి బొటనవేలికున్న అలవాటుని వాళ్ళు వాడుకున్నారు, అంతే. ప్లేటు వెనక్కి తిరిగి లోపలికి పోతుంది. మొదటివాడి జవాబు చివరివాడికి, చివరివాడిది మొదటివాడికి. మందు కావాల్సినవాడిని నీకేం ఫరవాలేదని ఇంటికి పంపుతారు. ఏమీ లేనివాడికి విషంలాంటి మందులు ఎక్కిస్తారు. రెండు మూలలా నీళ్ళే కనక మెషిన్ కిమ్మనదు. ప్లేటు బూడిదైపోతుంది. కొన్నేళ్ళకి మనుషులు పోవడం మొదలయ్యాక ఈ పరీక్ష పనికిరాదని లోకమంతా తీర్మానిస్తుంది.

ప్లేటు నింపిన చేతులు ఎవరివో గుర్తొచ్చింది. మెల్లగా తలెత్తాడు.

నెమలి తలుపుకి గడియ పెట్టి, దానికి ఆనుకుని నిలబడి ఉంది. మొహంలో కోపం లేదు, తొందర లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"నువ్వు చూడవనుకున్నాను," అంది.

"మెకానిక్‌ని..."

"వాడు ఈ ప్లేట్ల పెట్టె నా ఫ్రిజ్‌లో చూశాడు." కుడిచేతి ఉంగరం తిప్పుకుంది. రాయి కింద సన్నటి సూది మెరిసింది. "నిన్ను మాత్రం చంపను. ఇక్కడ శవం పడితే మెషిన్ ఆపేస్తారు. అది నాకు కుదరదు. నువ్వు ఊరికే నిలబడు. చాలు."

"ఎందుకు నిలబడతాను?"

ఆవిడ కోటు జేబులోంచి చిటికెన వేలంత ట్యూబు తీసి వెలుతురుకి ఎత్తిపట్టింది. అడుగున నీలం చుక్క ఉంది.

"రెండో మూలలో ఉండాల్సినది ఇదే. ఎవరిదో చెప్పనా? ఆస్పత్రిలో నీ మంచం పక్కన ఒప్పుకోలు కాగితం కనిపించింది. మీ చీఫ్‌కి కూడా చెప్పలేదు, కదూ? మైనం దిమ్మలో ఉన్నదంతా దీనికే గీకేశారు. ఇక నీది అంటూ ఈ లోకంలో మిగిలింది ఈ చుక్కే."

అతను బల్ల పట్టుకున్నాడు.

"మా దగ్గర ఇదే మెషిన్ ఉంది. రేపటికల్లా నీ స్కోరు నీ చేతిలో ఉంటుంది. నిజం స్కోరు. మందు అవసరమైతే ఇప్పుడే మొదలుపెట్టుకోవచ్చు, బతకొచ్చు. వాళ్ళంతా నీకు ఎవరు? వాళ్ళ పేర్లు కూడా తెలియవు నీకు."

పట్టీ ముప్పావు వంతు నిండింది.

ముప్పాతిక చాలా సిగ్గుపడాల్సిన పని చేశాడు. ఆలోచించాడు. ఆ ట్యూబు వంక చూస్తూ, రేపు ఈపాటికి తెలిసిపోతుంది కదా అనుకున్నాడు. దగ్గొస్తే హడలిపోనక్కర్లేదు. భార్య ఏడాది తర్వాత సంగతులేవో మాట్లాడుతుంటే మొహం పక్కకి తిప్పుకోనక్కర్లేదు. చావు భయం అతనికి కొత్త కాదు, తుపాకీల ముందు నిలబడ్డవాడే. కానీ ఆ భయం వచ్చి పోయేది. ఇది వచ్చి ఒంట్లో కాపురం పెట్టింది. దాన్ని వెళ్ళగొట్టే మందు ఎదురుగా, ఆవిడ రెండు వేళ్ళ మధ్య ఉంది.

ఆ కారిడార్‌లో అద్దం వెనక ఉన్న మైనం దిమ్మలు గుర్తొచ్చాయి. వాళ్ళంతా కూడా ఇవాళ ఎక్కడో కూర్చుని, దగ్గొస్తే గోడ పట్టుకుని నిలబడుతూ ఉంటారు. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పట్టీ నిండింది. సొరుగు కదిలింది.

ముప్పాతిక టూల్‌బాక్సు వైపు చూశాడు, అందదు. ఆపే బటన్ ఎక్కడుందో మాస్టారు చెప్పలేదు, తను అడగలేదు. ఇంక దారి లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని ఎడమచెయ్యి సందులో పెట్టేశాడు.

సొరుగు అంచు వేళ్ళ కణుపుల మీద బిగిసింది. కళ్ళముందు మెరుపులు మెరిశాయి. అరుపు గొంతులోంచి వచ్చేలోపే మెషిన్ అరిచింది. ఎర్రదీపం గిర్రున తిరిగింది. గోల గోడలు దాటి, కారిడార్ దాటి, మెట్ల మీదుగా కిందికి పోయింది.

నెమలి మొహంలో మొదటిసారి రంగు మారింది. ట్యూబు మూత తీసి సింకు మీద పట్టుకుంది. "చెయ్యి తియ్యి. ఇంకా సమయం ఉంది. తియ్యి, ఇది నీది."

"తియ్యను," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికో భయానికో తెలియలేదు. "నాకు చాలా భయంగా ఉంది. అయినా తియ్యను."

ఆవిడ ఒక్క క్షణం అతని వంక చూసింది. తర్వాత వేళ్ళు వంచింది. నీలం చుక్క సింకులో పడి, సన్నటి గీతలా సాగి, జాలీలోంచి జారిపోయింది. కుళాయి కూడా తిప్పింది. తన పని సగంలో వదిలే మనిషి కాదు ఆవిడ.

గడియ తీసి, కోటు సర్దుకుని, ఏమీ జరగనట్టు నడిచి వెళ్ళిపోయింది.

కింద లాబీలో, ఒళ్ళో దుప్పటి కప్పుకున్న వీల్‌చైర్ ముసలాయన ఆ గోల విన్నాడు. చెవిలో ఎంత పిలిచినా పలకని ఏజెంటు సంగతి అర్థమైంది. పైన ఉండాల్సిన నెమలి ఆ గోలలో కిందికి దిగి వస్తుంటే ద్రోహి ఎవరో కూడా అర్థమైంది. బయటికి పోయే తిరుగుడు తలుపులో ముదురాకుపచ్చ పట్టు అడుగుపెట్టగానే ఆయన వీల్‌చైర్ని ఆ తలుపులోకి పోనిచ్చాడు. తలుపు బిగుసుకుపోయింది. అద్దాల మధ్య గాజు సీసాలో చిక్కినట్టు నిలబడ్డ నెమలిని చూసి, "ఏమనుకోకమ్మా, బ్రేకు సరిగ్గా లేదు," అన్నాడు బావగారు. అప్పటికే ఇద్దరు తోటమాలులు పారలు పడేసి తలుపుకి అటు నిలబడ్డారు. వాళ్ళు మొక్కలకి నీళ్ళు పోయడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

పైన మాస్టారు రొప్పుతూ వచ్చాడు. ఇంటి నుంచి ఫోనూ లేదు, పాడూ లేదు. సొరుగులో చెయ్యిపెట్టుకుని నిలబడ్డ ఇంజనీరుని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మాస్టారూ," అన్నాడు ముప్పాతిక, "ముందు నా చెయ్యి తీయండి. తర్వాత ఒక్కసారి అక్షరాలు చదవండి."

ప్లేటు బయటికి తీశారు. మాస్టారు అక్షరాలు చూసి, కోత చూసి, నేల మీద చతికిలబడ్డాడు. పెద్ద డాక్టరు వచ్చింది. జరిగింది విన్నది. ప్లేటుని సరైన వైపు తిప్పి మళ్ళీ సొరుగులో పెట్టించింది. ఈసారి మాస్టారు అక్షరాల్ని వేలు పెట్టి చూపిస్తూ పైకి చదివాడు. పట్టీ నిండింది, సొరుగు మూసుకుంది. సాయంత్రానికి అందరి స్కోర్లూ ఎవరివి వాళ్ళకి చేరాయి. రెండో మూల గుంటకి ఎదురుగా మెషిన్ ఏమీ లేదని రాసింది.

పెద్ద డాక్టరు అతని వేళ్ళకి స్వయంగా కట్టు కట్టింది. ఆ గుంట ఎవరిదో ఆవిడకి తెలుసు.

"దిమ్మ మళ్ళీ చూశాను. మైనం తప్ప ఏమీ లేదు," అంది. "కావాలంటే నాలుగు మంచి మాటలు చెప్పగలను. కానీ మీకు అవి నచ్చవనిపిస్తోంది."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఈ పరీక్ష పుట్టకముందు అందరూ చేసిందే. స్కాన్‌కి రండి. రాకుండా మాత్రం ఉండకండి."

బావగారు కార్లో ఇంటిదాకా దింపాడు. గుమ్మం దగ్గర ఆపి, "నాకు చెప్పి ఉండాల్సింది," అన్నాడు. ఈసారి నిజంగానే అలిగాడు. కారు తిప్పుతూ, కళ్ళు రోడ్డు మీదే పెట్టి, "స్కాన్‌కి వెళ్ళేప్పుడు నన్ను పిలువు. నేను కూడా వస్తాను," అన్నాడు.

ఇంట్లో భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కట్టు చూసింది. ఏమైందని అడగలేదు. అతని వృత్తి ఏమిటో ఆవిడకి తెలియదు, ఇన్సూరెన్సు కంపెనీలో సర్వేయరు అనుకుంటుందని అతని నమ్మకం.

"పరీక్ష ఏమైంది?" అంది.

"ఏ పరీక్ష?"

"ఆస్పత్రి సంచిలో ఒప్పుకోలు కాగితం మీరే మడతపెట్టి పెట్టుకున్నారు. సంచి ఉతికేది నేనేగా." దిండు గలీబు దులిపి మడతపెట్టింది. "మీరే చెప్తారని ఊరుకున్నాను."

"ఏమీ తెలియలేదు. నా చుక్క పోయింది. ఇక తెలియదు కూడా. స్కాన్‌లు చేయించుకుంటూ ఉండటమే."

ఆవిడ చేతిలోని చొక్కా పక్కన పెట్టి, జరిగి, మంచం మీద అతనికి చోటిచ్చింది. కూర్చున్నాడు.

"భయం వేస్తోందాండీ?"

రెండు దేశాల జైళ్ళలో, అతన్ని గోడకి కట్టేసి, కళ్ళలోకి దీపం కొట్టి, రోజుల తరబడి అడిగినవాళ్ళున్నారు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. డిపార్ట్‌మెంటులో ఆ మాట ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

"వేస్తోంది," అన్నాడు.

"నాకూ వేస్తోంది," అంది ఆవిడ, అతని కట్టు లేని చెయ్యి తన చేతిలోకి తీసుకుంటూ. "అది సరే, ఆ నాసిరకం కళ్ళజోడు తీసెయ్యండి. మీ ఇన్సూరెన్సు వాళ్ళు కాస్త మంచి కెమెరాలు కొనుక్కోకూడదూ?"